పెండ్లికి పంచాంగమొక్కటే చాలదు

(కళ్యాణదుర్గమున పఠనమందిర సభ్యుల సమక్షమున చేసిన యుపన్యాసము)



పేరులోనే కల్యాణమును ధరించిన పట్టణమున వివాహమును గూర్చి మాటలాడుమని నన్ను పిలిచితిరి. పురాణము వినవచ్చునని వచ్చిన పెద్దలకు ముందే మనవి చేయుచున్నాను: నేను చెప్పబోవునది చట్టము. ముహూర్తము చూచుటకు పురోహితులు కలరు. మండపము, వంటవారు, మేళము, ఛాయాచిత్రములు వీనికి ఆరునెలల ముందుగనే బయానా ఇచ్చుచున్నాము. చట్టము మాత్రము మనకు ఠాణా మెట్లెక్కిన నాడు గాని జ్ఞప్తికి వచ్చుట లేదు. ఆ నాటికి పందిరి విప్పినారు, బంగారము చేతులు మారినది, ఆడుబిడ్డ అత్తవారింట ఉన్నది.

మొదట మీకొక పాతకథ చెప్పెదను. తూర్పున గోదావరి ముఖద్వారము చెంత యానామను చిన్న పట్టణము కలదు. 1929లో శారదా చట్టము చేయబడి 1930 ఏప్రిలు 1వ తేది నుండి అమలునకు వచ్చినది. బాలికకు 14, బాలునకు 18 యేండ్లు నిండనిదే పెండ్లి చేయరాదని ఆ చట్టము శాసించెను. కాని అది బ్రిటిషు ఇండియాకే వర్తించెను. యానాము ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. ఇంకేమి? చుట్టుపట్ల తెలుగు కుటుంబములవారు పసిపిల్లలను వెంటబెట్టుకొని యానాము పోయి, అక్కడ మూడుముళ్లు వేయించి, మరల తమ యూళ్లకు తిరిగి వచ్చిరి. ఆ పెండ్లిండ్ల సందడి చేతనే యానామునకు కల్యాణపురమను వాడుక పేరు కలిగినది. 1954లో అక్కడ ఫ్రెంచి పాలన ముగిసినది గాని పేరు నిలిచినది. చట్టము చేసిన దినమునకును అమలునకు వచ్చిన దినమునకును నడుమనున్న ఆరుమాసములలో దేశమంతటను జనులు తొందరపడి పిల్లలకు పెండ్లిండ్లు చేసిరి. 1931 జనాభా లెక్కలలో బాల్యవివాహితుల సంఖ్య తగ్గుటకు మారు పెరిగియుండుట లోకవిదితమే.

కల్యాణపురపు కథ కళ్యాణదుర్గమున చెప్పుటకు కారణము కలదు. మనకును సరిహద్దు దగ్గరనే యున్నది. కుందుర్పి, శెట్టూరు దాటిన పిదప కర్ణాటకము. పావగడ, చళ్లకెరె వైపున మనకు వియ్యంకులు లేని వీధి ఈ పట్టణమున అరుదు. సగము ఇండ్లలో కోడలు కన్నడమును, అత్త తెలుగును మాటలాడుచు కాపురము సాగించుచున్నారు. ఇరువైపుల చట్టమొకటియే యని మన తలంపు. అది పూర్తిగా నిజము కాదు. ఆ భేదమును తెలియకుండుటచే కొందరు ఆడుబిడ్డల బ్రతుకులు చిక్కులలో పడుచున్నవి.

ఈ భేదము నేటిది కాదు. 1894లోనే మైసూరు సంస్థానము ఒక శాసనము చేసి, ఎనిమిదేండ్లు నిండని బాలికకు పెండ్లి చేయుటను, ఏబదియేండ్లు దాటిన పురుషుడు పదునాలుగేండ్లు నిండని బాలికను పెండ్లాడుటను నేరములుగా నిర్ణయించెను. ఆ నాడు మన యనంతపురము జిల్లా మదరాసు రాజధానిలో నుండెను. ఇచ్చట పెండ్లికి వయోనియమమే లేదు. 1891 నాటి సమ్మతి వయశ్శాసనము ఒకటి యుండెను గాని అది కాపురమునకు 12 యేండ్ల మితి పెట్టినది, పెండ్లిని ముట్టలేదు. దొరల ప్రభుత్వము దాటుటకు జంకిన గట్టును మన పొరుగు స్వదేశ సంస్థానము ముప్పదియైదేండ్లు ముందుగా దాటెనని మనము గర్వింపవచ్చును.

ఆ 1891 శాసనమును లోకమాన్య తిలకు మహాశయుడు ప్రతిఘటించెను. పరప్రభుత్వము మన యింటి యాచారములలో చేయి పెట్టరాదని ఆయన వాదము. ఆ వాదమునకు ఆ కాలమున కొంత బలముండెనని ఒప్పుకొందము. నేడు ఆ వాదము చేయుటకు ఎవరికిని నోరు లేదు. శారదా చట్టమును తెచ్చిన హరవిలాస శారద భారతీయుడే. బాలిక వయస్సును 1949లో 15కు పెంచినది స్వతంత్ర భారత శాసనసభ. 1978లో బాలికకు 18, బాలునకు 21 చేసినది మనము ఓట్లు వేసి పంపిన పార్లమెంటు. గాంధీమహాత్ముడు తనకు 13వ యేట జరిగిన వివాహమును గూర్చి ఆత్మకథలో ఎంత నొచ్చుకొని వ్రాసెనో చదివినవారెరుగుదురు. స్వరాజ్యము కోరిన వారమే మన స్వరాజ్య శాసనమునకు దొంగదారులు వెదకుట ఏమి పౌరుషమో నాకు బోధపడదు.

నేడు అమలునందున్నది 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము. ఆడుబిడ్డకు 18, మగబిడ్డకు 21 నిండవలెను. ఆడుబిడ్డ వయస్సును కూడ 21 చేయవలెనని 2021 డిశంబరులో పార్లమెంటునందొక బిల్లు ప్రవేశపెట్టిరి. 2024లో లోకసభ రద్దగుటతో ఆ బిల్లు వీగిపోయినది. కావున పాత మితియే నిలిచియున్నది.

ఇప్పుడు మీరు శ్రద్ధగా వినవలసిన మాట చెప్పెదను. పదునెనిమిదేండ్లు నిండని పిల్లకు పెండ్లి చేసినచో ఆ పెండ్లి చెల్లునా, చెల్లదా? చాలమంది చదువుకొన్న వారును చెల్లదనియే చెప్పుదురు. చట్టము అట్లు చెప్పలేదు. పెండ్లి చేసినవారు నేరస్థులు. కాని పెండ్లి తనంతట తాను రద్దు కాదు. దానిని రద్దు చేయుమని కోరు హక్కు బాల్యమున పెండ్లియైన ఆ పిల్లకే, లేదా ఆ పిల్లవానికే కలదు. వారు కోరనంతవరకు అది వివాహముగనే యుండును. బలవంతముగనో మాయమాటలతోనో పిల్లను పెద్దల యొద్దనుండి కొనిపోయినను, పెండ్లి పేర అమ్మినను, మేజిస్ట్రేటు వలదని ఆజ్ఞ యిచ్చిన పిదప పెండ్లి చేసినను అది మొదటి నుండియే శూన్యము. తక్కినవన్నియు పిల్ల నోరు విప్పువరకు నిలుచునవే.

కర్ణాటక రాష్ట్రము ఇచ్చట మనకంటె ముందడుగు వేసినది. ఆ రాష్ట్రమువారు 2016 నాటి సవరణ చట్టముచే తమ గడ్డపై జరుగు ప్రతి బాల్యవివాహమును మొదటినుండియే చెల్లనిదిగా చేసిరి. అది 2017లో అమలునకు వచ్చినది. ఆ యేడే అక్టోబరు 11వ తేదిన సుప్రీంకోర్టు మరియొక వ్యాజ్యమునందు కర్ణాటక సవరణను మెచ్చుకొని, తక్కిన రాష్ట్రములును ఆ దారి త్రొక్కుట మంచిదని సూచించెను. ఆంధ్రప్రదేశమున అట్టి సవరణ నేనెరిగినంతవరకు రాలేదు. ఫలితమేమి? పదునారేండ్ల పిల్లకు పావగడలో తాళి కట్టించినచో అది తాళియే కాదు. అదే పిల్లకు కళ్యాణదుర్గమున కట్టించినచో అది తెంపుకొనుటకు ఆమెయే కోర్టుకెక్కవలెను. నడుమనున్నది కొద్దిపాటి బస్సు ప్రయాణము. కర్ణాటకమున కూడని పెండ్లిని ఇటువైపు తెచ్చి చేయుదమను ఆలోచన ఎవరికైన కలిగినచో, యానాము కథయే తిరుగబడి మన యింటి గుమ్మమునకు వచ్చినట్లు. శిక్ష మాత్రము రెండువైపులను కలదని అట్టివారు తెలిసికొనుట మేలు.

శిక్ష ఎవరికి? పదునెనిమిదేండ్లు దాటి బాలికను పెండ్లాడిన పురుషునకు రెండేండ్ల వరకు కఠిన కారాగారము గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని. పెండ్లి జరిపించినవారికిని, చేయించినవారికిని అంతియే. తల్లిదండ్రులు, సంరక్షకులు తెలిసియు ఆపకపోయినచో వారికిని అంతే. వచ్చి కూర్చుండి అక్షతలు చల్లినవారిని సైతము చట్టము విడువలేదు. స్త్రీలకు మాత్రము జైలు శిక్ష విధింపరాదు. ఇది వారెంటు లేక పట్టుకొనదగిన నేరము. జామీను హక్కుగా దొరకదు. ఇంకొక సంగతి వరుని తరపు వారు చెవినిడవలెను. నేను చెప్పిన 2017 తీర్పుననుసరించి, పదునెనిమిదేండ్లు నిండని భార్యతో కాపురము చేసిన భర్తకు సంసారమను సాకు రక్షణ కాదు. అది అత్యాచార నేరమే. కొత్త నేరస్మృతి 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చినప్పుడును ఈ మితి 18గనే నిలిచినది.

ఇంత కఠినమైన చట్టముండగా ఈ పెండ్లిండ్లేల ఆగుట లేదు? 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము ఆంధ్రప్రదేశమున 20 నుండి 24 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 29 మందికి 18 నిండకమునుపే పెండ్లియైనది. దేశమంతటికి ఆ లెక్క 23. అక్షరాస్యతయందు, పత్రికలయందు, గ్రంథాలయోద్యమమునందు ముందున్నామని చెప్పుకొను ఆంధ్రులకిది తలవంపు.

మన సీమను గూర్చియే ఆలోచింతము. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు నేల మనది. అదియును అదునున కురియదు. వేరుసెనగ వేసి ఆకాశము వంక చూచు రైతునకు పంట పోయినచో మిగులునది బెంగుళూరు బండి. తల్లియు తండ్రియు కట్టడపు పనులకు పోవుదురు. ఎదిగిన పిల్ల అవ్వ దగ్గర ఒంటరిగా ఉండును. ఏమగునో యను భయమొకటి. పదవ తరగతి తప్పినచో ఇంటనుంచి ఏమి చేయుదుమను ప్రశ్న యొకటి. పిల్ల చిన్నదైనచో కట్నము తక్కువకు కుదురును. ఈడు పెరిగిన కొలది కట్నమును పెరుగును. అక్క పెండ్లి పందిటిలోనే చెల్లెలికిని ముడివేసినచో ఒక విందు ఖర్చు మిగులును. అవ్వ కన్నుమూయకముందే మనుమరాలి పెండ్లి చూడవలెనట! మేనమామ ఉండనే యున్నాడు, పరాయివాడు కాడు గదా! ఇవన్నియు దుర్మార్గుల మాటలు కావు. అప్పుతో భయముతో నలిగిన తండ్రుల మాటలు. కాని వారు మిగుల్చుకొన్న విందు ఖర్చు కాన్పు నాడు ఆసుపత్రిలో వడ్డీతో చెల్లించుచున్నారు. పదునారేండ్ల తల్లికిని ఆమె బిడ్డకును గల ప్రమాదము వైద్యులందరును చెప్పుచున్నదే. 2022 అక్టోబరు నుండి రాష్ట్రప్రభుత్వము పేద వధువులకు ప్రకటించిన పెండ్లి సాయమునకు వధూవరులిరువురును పదవ తరగతి ఉత్తీర్ణులై, ఈడు నిండియుండవలెనని నియమము పెట్టినది. పిల్ల బడిలో నున్నంతకాలము పెండ్లిమాట వెనుకకు పోవునను అనుభవమునుండియే ఆ నియమము పుట్టియుండును.

ఈ మధ్య మరియొక ఉపాయము బయలుదేరినది. పదునైదవ యేట నిశ్చయతాంబూలములు పుచ్చుకొని, పెండ్లి మాత్రము పదునెనిమిది నిండిన మరునాడు చేయుట. 2006 చట్టము తాంబూలములను గూర్చి పలుకలేదు. 2024 అక్టోబరు 18వ తేది తీర్పునందు సుప్రీంకోర్టు ఈ లోపమును ఎత్తిచూపి, బాలబాలికలకు ముందుగా నిశ్చయము చేయుటను కూడ నిషేధించు విషయము పార్లమెంటు ఆలోచింపవలెనని చెప్పెను. చట్టము రాకున్నను సంగతి తెలియుచునే యున్నది. ఇచ్చిన మాట యనెడి త్రాడు తాళికంటె తక్కువది కాదు. మూడేండ్లు పెండ్లికూతురు అనిపించుకొన్న పిల్ల పదునెనిమిదవ యేట వద్దనగలదా?

జరుగబోవు బాల్యవివాహమును ఆపుటకు ఎవరైనను ముందునకు రావచ్చును. 1098కి ఫోను చేసినచో పేరు చెప్పుమని బలవంతపెట్టరు. బాల్యవివాహ నిషేధాధికారులను ప్రభుత్వము నియమించియున్నది. సమాచారమందిన మేజిస్ట్రేటు రెండవ పక్షమును వినకయే తాత్కాలికముగా నిషేధాజ్ఞ యీయవచ్చును. అక్షయతృతీయ వంటి సామూహిక వివాహముల దినములయందు జిల్లా కలెక్టరుకే ఆ అధికారి బాధ్యతలన్నియు సంక్రమించును. అధికారి వచ్చి పెండ్లి ఆపినచో పెండ్లివారు నష్టపోవుదురని జాలిపడువారు, వారము ముందుగా చెప్పియుండినచో నష్టము తక్కువయ్యెడిది గదా యని కూడ ఆలోచింపవలెను.

వయస్సునకు రుజువేమి? జాతకచక్రము రుజువు కాదు. కోర్టువారికి జన్మనక్షత్రముతో పని లేదు. ఆధారు కార్డు కూడ చాలదు. దానియందలి పుట్టినతేదిని వయస్సునకు రుజువుగా గొనరాదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పెను. జనన ధ్రువపత్రము, బడి రికార్డు, పదవ తరగతి పత్రము ఇవియే ఆధారములు. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టినవారికైతే వివాహ నమోదునకును జనన ధ్రువపత్రమే ప్రమాణమని చట్టము మారినది. కావున సంబంధము చూచుటకు పోవునప్పుడు జాతకముతోపాటు ఈ కాగితమును అడుగుట మర్యాదకు లోపమని తలంపకుడు. పురోహితులును, ఖాజీలును, మండపము అద్దెకిచ్చువారును లగ్నము పెట్టుకొనకముందే దీనిని అడుగుట మొదలిడినచో నేను చెప్పిన కథలలో సగము పుట్టవు.

మేనరికములను గూర్చి మీలో సందేహమున్నట్లు తెలియుచున్నది. 1955 మే 18 నుండి అమలునందున్న హిందూ వివాహచట్టము దగ్గరి చుట్టరికములను నిషేధించినది. ఆ పట్టికలో మేనమామ మేనకోడలు, మేనత్త మేనమామ బిడ్డలు సైతము ఉన్నారు. కాని ఇరుపక్షములవారి ఆచారము అనుమతించినచో అది చెల్లును. మన తెలుగుదేశమున ఆ యాచారము చిరకాలముగా నున్నది గావున అభ్యంతరము లేదు. చట్టపు అభ్యంతరమే లేదని చెప్పుచున్నాను. తరతరములుగా రక్తసంబంధములోనే పెండ్లిండ్లు జరిగిన కుటుంబములు వైద్యుని సలహా అడుగుట వివేకము.

పెండ్లి దేనితో పూర్తియగును? హిందూ వివాహచట్టము ప్రకారము వధూవరులలో ఒకరి ఆచారమున కనుగుణమైన సంస్కారము జరుగవలెను. సప్తపది ఆచారముగా గలవారికి ఏడవ యడుగుతో వివాహము స్థిరపడును. సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున పుస్తకములో చేవ్రాళ్లు చేసినంత మాత్రమున హిందూ వివాహము కాదు. విమానచోదకులైన దంపతుల వ్యాజ్యమున 2024 ఏప్రిలులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టపరచెను. సంస్కారము లేని పత్రము వివాహమును పుట్టింపదనియు, వివాహమనగా ఆటపాటలకును విందులకును సందర్భము మాత్రమే కాదనియు దాని భావము. అట్లని నమోదు వ్యర్థమనుకొనరాదు. జరిగిన పెండ్లికి నమోదుపత్రము గట్టి సాక్ష్యము. ఆంధ్రప్రదేశము 2002లోనే నిర్బంధ వివాహ నమోదు చట్టమును చేసినది. 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రములును నమోదును నిర్బంధము చేయవలెనని ఆజ్ఞాపించినప్పుడు అట్టి చట్టము అప్పటికే గల కొలది రాష్ట్రములలో మనదియు నొకటి. చట్టము ముందు, అలవాటు వెనుక. వయఃపత్రములు, నివాసపు రుజువులు, శుభలేఖ, పెండ్లి ఛాయాచిత్రము, సాక్షులు ఇంతయే కావలసినది. పెండ్లి యలసట తీరకముందే పోయి ముగించుకొనుడు. పదేండ్ల తరువాత పాస్‌పోర్టునకో, పింఛనునకో, ఆస్తి పంచాయితీకో ఆ కాగితము వెదకికొనుట నేను చూచితిని. పెండ్లి చేసిన పురోహితుడు గతించెను, సాక్షులు ఊరు విడిచిరి.

వరునికి గాని వధువునకు గాని ముందొక పెండ్లియై యున్నచో మిక్కిలి జాగ్రత్త కావలెను. మదరాసు రాజధానిలో 1949లోనే హిందువులకు ద్విభార్యాత్వము నిషేధింపబడెను. 1955 చట్టము దేశమంతటికి దానిని వ్యాపింపజేసినది. భార్య యుండగా చేసికొన్న రెండవ పెండ్లి శూన్యము. దానికి ఏడేండ్ల వరకు శిక్ష. మొదటి పెండ్లిని దాచి చేసికొన్నచో పదేండ్లు. పెద్దమనుష్యుల పంచాయితీలో స్టాంపు కాగితము మీద వ్రాయించుకొన్న విడాకులు విడాకులని మనవారి నమ్మకము. ఆ కులమున అట్టి యాచారము తరతరములుగా నున్నదని కోర్టులో రుజువు చేయగలిగినప్పుడే అది చెల్లును. ఆ రుజువు అంత తేలిక కాదు. కావున విడిపోయినవారి సంబంధము వచ్చినప్పుడు ‘కోర్టు డిక్రీ చూపుడు’ అని అడుగవలెను. డిక్రీపై అప్పీలు గడువు తీరినదా యనియు చూడవలెను.

ఇక కట్నము. నూటముప్పదియేండ్ల క్రిందట గురజాడ అప్పారావుగారు కన్యాశుల్కమును వ్రాసిన నాడు వరుడు వధువు తండ్రికి సొమ్మిచ్చుట దురాచారమై యుండెను. తరువాత ధార తిరుగబడినది గాని బేరము పోలేదు. ఆంధ్రులు ఈ జాడ్యమును ముందుగనే గుర్తించిరి. 1958లోనే ఆంధ్రప్రదేశ వరకట్న నిషేధ చట్టము వెలసినది. 1961లో దేశమంతటికి చట్టము వచ్చినప్పుడు మన చట్టమును, బీహారువారి 1950 నాటి చట్టమును రద్దుచేసి వాని స్థానమున ఈ కేంద్రచట్టమును నిలిపిరి. కట్నము పుచ్చుకొన్నను ఇచ్చినను అయిదేండ్లకు తక్కువ కాని జైలు. పదునైదువేలు గాని, కట్నపు విలువ గాని, ఏది యెక్కువయైన అంత జరిమానా. అడిగినందులకే ఆరునెలల నుండి రెండేండ్ల వరకు శిక్ష. ఇచ్చినవాడును నేరస్థుడే కదా, ఎట్లు ఫిర్యాదు చేయుదునని భయపడు తండ్రులు కలరు. బాధితులు చెప్పిన మాటను బట్టి వారిపైననే నేరము మోపరాదని అదే చట్టము అభయమిచ్చినది.

అడుగకయే ప్రేమతో ఇచ్చు కానుకలను చట్టము కాదనలేదు. ఆచారానుగుణములై, ఇచ్చువారి స్తోమతకు మించకుండవలెను. దానికొక షరతు కలదు. అది నూటికి తొంబదిమంది వినియుండని షరతు. 1985 నాటి నియమముల ప్రకారము కానుకల పట్టిక వ్రాయవలెను. వస్తువేమి, సుమారు విలువ యెంత, ఇచ్చినదెవరు, వారికి చుట్టరిక మేమి అని వ్రాసి వధూవరులిరువురును దానిపై చేవ్రాలు చేయవలెను. వధువునకు వచ్చినవాని పట్టిక వధువు కడనుండవలెను. వరునిది వరుని కడ. చదివింపులు వ్రాయుటకు మన పెండ్లిండ్లలో ఒక పుస్తకమును, ఒక గుమాస్తాను కూర్చుండబెట్టుచునే యున్నాము. అయిదువందల పదునాఱు రూపాయలిచ్చిన వారి పేరు పొల్లుపోకుండ వ్రాయుదుము. కూతునకిచ్చిన ఇరువది తులముల బంగారము ఎక్కడను వ్రాయము! తరువాత కాపురము చెడినప్పుడు ‘ఆమె ఏమియు తేలే’దని అత్తవారును, ‘అన్నియు తీసికొనిరి’ అని పుట్టింటివారును ప్రమాణములకు దిగుదురు. స్త్రీధనము భర్త చేతిలోనున్నను ఆమెదేయనియు, ఆమె అడిగినప్పుడు మరల నీయవలెననియు 1985లోనే సుప్రీంకోర్టు నిర్ణయించినది. కాని అది ఏమి, ఎంత యని చెప్పునది ఆ పట్టికయే. కట్నమే యని పుచ్చుకొన్న సొమ్మును సైతము మూడునెలలలో వధువు పేర మార్చవలసినదే.

‘కట్నమిచ్చితిమి గదా, ఇంక భూమిలో భాగమెందులకు?’ అను మాట మన పల్లెలలో శాసనమువలె చెలామణియగుచున్నది. కట్నమిచ్చినందున కుమార్తె భాగము చెల్లిపోదు. హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానహక్కునిచ్చిన చట్టము మన రాష్ట్రమున 1985 సెప్టెంబరు 5 నుండియే అమలునందున్నది. అది ఆ నాటికి పెండ్లికాని కుమార్తెలకే వర్తించెను. 2005 సెప్టెంబరు 9 నుండి కేంద్రచట్టము పెండ్లియైన వారికిని ఆ హక్కు నిచ్చినది. ఆ తేదికి తండ్రి జీవించియుండవలెనా యను వివాదమును 2020 ఆగస్టున సుప్రీంకోర్టు, అక్కరలేదని తేల్చినది. భూమి వానకు ఎదురుచూచునదే కావచ్చును. అయినను అది కూతురిదియు. బేరముపై నిచ్చు కట్నమును మాని, ఆమె పేర ఒక యెకరము రిజిస్ట్రీ చేయించు తండ్రిని నేను మిక్కిలి గౌరవింతును.

తాము మెచ్చినవారిని పెండ్లాడ గోరు యువతీయువకులకు రెండు మాటలు. ఈడు నిండిన ఇరువురు ఒప్పుకొన్నచో తల్లిదండ్రుల, కులపెద్దల, ఊరి పెద్దల అనుమతి చట్టమునకక్కరలేదు. అడ్డుపడు పంచాయితీలను అరికట్టవలెనని 2018 మార్చిలో సుప్రీంకోర్టు ప్రభుత్వములను ఆజ్ఞాపించినది. మతభేదము గలవారికి 1954 నాటి ప్రత్యేక వివాహచట్టము కలదు. ఒకరైనను ఆ జిల్లాలో 30 దినములు నివసించియుండవలెను. నోటీసు ఇచ్చిన పిదప 30 దినములు అభ్యంతరములకై గోడపై నంటింతురు. తరువాత ముగ్గురు సాక్షుల యెదుట వివాహము. 1872 నాటి చట్టముననైతే ‘నేను హిందువును కాను’ అని తన మతమును కాదనిన గాని పెండ్లికి వీలులేకుండెను. ఆ యవమానము ఇప్పుడు లేదు. ముస్లిము సోదరులకు నికాహునామాయందు మెహరు ఎంతయో, ఇచ్చినదెంతయో స్పష్టముగా వ్రాయించుకొనుట ప్రధానము. బాల్యవివాహ చట్టమునకును ముస్లిము ధర్మశాస్త్రమునకును గల సంబంధమును గూర్చి హైకోర్టులు భిన్నాభిప్రాయములు చెప్పినవి. 2024 తీర్పున సుప్రీంకోర్టు దానిని తేల్చక విడిచినది. బాలలపై లైంగికాపరాధముల చట్టము మాత్రము మతభేదము చూడదు.

చివరగా, ఈ సభలో నున్నవారి యిండ్లలోనే యుండదగిన ఒక పిల్లను గూర్చి చెప్పి ముగింతును. ఆమెకు పదునారవ యేట పెండ్లియైనది. ఇప్పుడు పందొమ్మిది. కాపురము ఇష్టము లేదు. ‘ముడి పడినది, ఇంకేమి చేయుదుము’ అని తల్లి కంటతడి పెట్టుచున్నది. చేయదగినది కలదు. పదునెనిమిది నిండిన నాటినుండి రెండేండ్లలోపల, అనగా ఇరువదవ యేడు నిండకమునుపు, ఆమె జిల్లా కోర్టునందు అర్జీ పెట్టి ఆ వివాహమును రద్దు చేయించుకొనవచ్చును. మైనరుగా నున్నప్పుడే యైనచో సంరక్షకుని ద్వారా, నిషేధాధికారితో కూడి పెట్టవచ్చును. రద్దు చేయుచు కోర్టు ఇచ్చిపుచ్చుకొన్న నగలు, సొమ్ము మరల ఇప్పించును. ఆమె మరల పెండ్లాడువరకు భరణమును, నివాసమును భర్తచే గాని అతని తల్లిదండ్రులచే గాని ఇప్పింపగలదు. బిడ్డ యున్నచో ఆ బిడ్డ అన్నివిధముల ధర్మసంతానమే. బిడ్డ యెవరికడ నుండవలెనో బిడ్డ మేలును బట్టి కోర్టు నిర్ణయించును. ఇరువది నిండినచో ఈ ద్వారము మూతపడును. తరువాత మిగులునది విడాకుల దారియే, అది పొడవైనది. వకీలునకు రుసుము లేదని వెనుదీయనక్కర లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము ఏ స్త్రీకైనను, ఏ బాలకైనను ఆదాయముతో నిమిత్తము లేక ఉచితముగా వకీలు నిత్తురు. 15100కి ఫోను చేసినను తెలుపుదురు. ఆ పిల్ల పుట్టినతేది యేదో ఈ రాత్రి ఇంటికి పోయి బడి పత్రములో చూడుడు; లెక్క నెలలతో కాదు, దినములతో చేయుడు.